ఎంత శాతం కాలింది?

ఒళ్ళు కాలిన మనిషిని ఆసుపత్రిలో చేర్చారని తెలియగానే మనం మొట్టమొదట అడిగే ప్రశ్న ఇది. ఫోనులో అడుగుతాం, వార్డు బయట అడుగుతాం, టీవీవాడు స్క్రోలింగులో ముందు అదే వేస్తాడు. ముప్ఫై అంటే "పర్లేదులే, దేవుడున్నాడు" అంటాం. అరవై అంటే గొంతు తగ్గించి "ఇంక కష్టమేలెండి" అంటాం. అక్కడితో కేసు క్లోజు. ఆ తర్వాత మనిషికి ఏం చేశారు, ఎప్పుడు చేశారు, అసలు చేశారా లేదా అన్నది ఎవడూ అడగడు. పోతే శాతం వల్ల పోయినట్టు, బతికితే దేవుడి వల్ల బతికినట్టు.

నాకు ఈ ప్రశ్న మీద పీకలదాకా కోపం ఉంది. నేను డాక్టర్ని కాను, జావా రాసుకుని బతికేవాణ్ణి. కానీ ఓసారి ఆ ప్రశ్న నేను కూడా అడిగాను. అడగడమే కాదు, వచ్చిన అంకెని ఫార్ములాలో వేసి జవాబు కూడా చెప్పాను. అందుకే ఈ టపా.

2019 దసరా సెలవులకి బాబాయి వాళ్ళింటికి వెళ్ళాను. హైవే మీద ఓ చిన్న టౌను. సాయంత్రం ఆరున్నరకి పిన్ని వంటింట్లో ఉండగా నైటీకి మంట అంటుకుంది. సింథటిక్ బట్ట. అది కాలడం కాదు, కరిగి ఒంటికి అతుక్కుంటుంది. ఆవిడ పెరట్లోకి పరిగెత్తింది. పరిగెత్తితే మంట ఇంకా పెరుగుతుందని ఆ క్షణంలో ఎవరికి గుర్తుంటుంది? పక్కింటాయన దుప్పటి కప్పి ఆర్పాడు. ఆ తర్వాత తలా ఒకటి తెచ్చారు. ఒకరు టూత్‌పేస్టు, ఒకరు పసుపు, ఒకరు గుడ్డు తెల్లసొన. చేతి గాజులు తియ్యాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. రాత్రికి చేతులు ఎంత వాచాయంటే, హైదరాబాదులో ఆ గాజులు కట్ చేయాల్సి వచ్చింది.

పెరట్లో కుళాయి ఉంది. నీళ్ళున్నాయి. ఎవరూ తిప్పలేదు, నాతో సహా. "నీళ్ళు పోస్తే బొబ్బలెక్కుతాయి" అని ఓ పెద్దావిడ అంది, అందరం ఊరుకున్నాం. కాలిన చోట మామూలు కుళాయి నీళ్ళు 20 నిమిషాల పాటు పారనివ్వాలి. ఐసు కాదు, ఐసు నీళ్ళు కాదు, మామూలు నీళ్ళు. కాలిన మూడు గంటల్లోపు చేసినా ఎంతో కొంత ఉపయోగం ఉంటుంది. మంట ఆరిపోయినా చర్మం లోపలి వేడి ఇంకా పని చేస్తూనే ఉంటుంది కాబట్టి గాయం ఎంత లోతుకి దిగుతుందో ఆ నీళ్ళే కొంతవరకు తేలుస్తాయి. పెద్ద గాయమైతే మిగతా ఒంటికి చలి తగలకుండా కప్పాలి కూడా. ఇంత చవకైన వైద్యం ఇంకోటి లేదు, బహుశా అందుకే మనకి నమ్మకం లేదు.

మొదట వెళ్ళిన నర్సింగుహోము వాళ్ళు స్ట్రెచరు కూడా దించలేదు. "ఎమ్మెల్సీ కేసండీ, గవర్నమెంటు ఆసుపత్రికి తీసుకెళ్ళండి" అన్నారు. మెడికో లీగల్ కేసు అన్నమాట. పోలీసు కాగితాల కోసం ఆగకుండా ముందు ప్రాణం కాపాడాలని పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. అప్పటికి ముప్ఫై ఏళ్ళు నిండాయి. ఆ నర్సింగుహోము రిసెప్షనులో ఎవరికీ తెలియదు, తెలిసినా చెప్పరు.

ప్రభుత్వాసుపత్రిలో డ్యూటీ డాక్టరు కుర్రాడు. పాపం ఒక్కడే, అటు పక్క పురుగుమందు తాగిన కేసు, ఇటు పక్క బైకు యాక్సిడెంటు. పిన్నిని చూసి "65 శాతం" అని రాశాడు. రెండు సెలైను సీసాలు ఎక్కించాడు, గుడ్డలు చుట్టించాడు, "ఇక్కడ మావల్ల కాదు, పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి, కానీ..." అని ఆగాడు. ఆ 'కానీ' చాలు మన బంధువులకి. వరండాలో పంచాయితీ మొదలైంది. అంత దూరం తీసుకెళ్ళి లక్షలు పోసి, చివరికి ఇంటికి తెచ్చుకునేది ఏముంది అని ఒకరు. ఉన్న నాలుగు రోజులూ ఇంట్లో ఉంచుదాం అని ఇంకొకరు. పిన్ని లోపల స్పృహలో ఉంది, మాట్లాడుతోంది, తమ్ముడు అన్నం తిన్నాడా అని అడుగుతోంది. ఒళ్ళు బాగా కాలినవాళ్ళు మొదటి గంటల్లో అలాగే ఉంటారట, మామూలుగా మాట్లాడతారు. లోతుగా కాలిన చోట నొప్పి తెలిపే నరాలు కూడా కాలిపోతాయి కాబట్టి కొన్నిచోట్ల నొప్పి కూడా తెలియదు. దాన్ని చూసి కొందరు బాగానే ఉందనుకుంటారు, కొందరు ఆరిపోయే ముందు దీపం అనుకుంటారు. రెండూ తప్పే.

అప్పుడు నేను చేసిన ఘనకార్యం. ఫోను తీసి గూగులించాను. బో స్కోరు అని ఒకటి దొరికింది. 1961లో సెర్జ్ బో అనే ఫ్రెంచి డాక్టరు తన థీసిస్‌లో ఇచ్చిన లెక్క. వయసుకి కాలిన శాతం కలిపితే వచ్చేదే స్కోరు, అంతే. ఆ తర్వాత 2010లో దాన్ని సవరించి, పొగ పీల్చి ఊపిరితిత్తులు దెబ్బతిన్నవాళ్ళకి ఇంకో 17 కలపమన్నారు. ఇంగ్లండులో ఒక బర్న్స్ సెంటరు లెక్కల ప్రకారం స్కోరు 110 దగ్గర సగం మంది పోతారు, 160 దాటితే ఆశ లేదు. పిన్నికి 49. 49 ప్లస్ 65, 114. బాబాయి నా మొహం చూస్తున్నాడు, ఇంట్లో చదువుకున్నవాణ్ణి నేనే కదా. "సగం కంటే తక్కువే ఛాన్సు బాబాయ్" అన్నాను.

ఆ మాటతో పంచాయితీ ఇంకో గంటన్నర సాగింది. చివరికి తమ్ముడు ఏడుస్తూ అంబులెన్సు ఎక్కించేసరికి రాత్రి పదకొండున్నర. హైదరాబాదు చేరేసరికి తెల్లవారుజాము మూడున్నర.

అక్కడ బట్టలు విప్పి, మసీ పసుపూ కడిగి, చార్టు గీసి లెక్కేశారు. 38 శాతం.

65 ఎక్కడ, 38 ఎక్కడ? నన్నడిగితే ఇది ఆ కుర్ర డాక్టరు ఒక్కడి తప్పు కాదు. ఒంటిని తొమ్మిదులుగా విడగొట్టే పద్ధతి ఒకటుంది. తల 9, ఒక్కో చెయ్యి 9, ఒక్కో కాలు 18, ముందు భాగం 18, వీపు 18, మిగిలిన 1 మర్మాంగాల దగ్గర. పిల్లలకి ఈ లెక్క పనికిరాదు, వాళ్ళకి తల పెద్దది. చెదురుమదురుగా కాలితే రోగి అరచెయ్యి వేళ్ళతో సహా సుమారు 1 శాతం అనుకుని కొలుస్తారు. ఊరికే ఎర్రబడ్డ చర్మాన్ని లెక్కలోకి తీసుకోకూడదు, బొబ్బలెక్కిందీ అంతకంటే లోతుగా కాలిందీ మాత్రమే లెక్క. మసి పట్టిన చోటు, పసుపు రాసిన చోటు, ఎర్రబడ్డ చోటు అన్నీ కలిపి కొట్టేస్తే 65 రాక ఏమవుతుంది? నేను ఆ అంకెని పట్టుకుని కూడిక చేశాను. చెత్త ఇన్‌పుట్ ఇస్తే చెత్త అవుట్‌పుట్ వస్తుందని కొత్తగా చేరిన ట్రైనీలకి క్లాసు పీకేవాణ్ణి నేనే. 49 ప్లస్ 38 అంటే 87. ఆ ఇంగ్లండు లెక్కలో అది బతికేవాళ్ళ వైపు ఉండే అంకె.

ఇంకొకటి చెప్తాను వినండి. 1998లో బోస్టను డాక్టర్లు తమ దగ్గరికి వచ్చిన 1665 మంది కేసులు చూసి మూడే మూడు విషయాలు తేల్చారు. వయసు 60 దాటడం, 40 శాతం కంటే ఎక్కువ కాలడం, పొగ వల్ల ఊపిరితిత్తులు దెబ్బతినడం. మూడూ ఉంటే నూటికి 90 మంది పోతారు. రెండు ఉంటే 33. ఒకటి ఉంటే 3. ఏదీ లేకపోతే 0.3, అంటే వెయ్యికి ముగ్గురు. పిన్నికి ఆ మూడింట్లో ఒక్కటీ లేదు. సరే, ఆ వెయ్యిమందిలో చిన్న చిన్న గాయాలవాళ్ళే ఎక్కువ, 38 శాతంవాళ్ళని వాళ్ళతో కలపడం న్యాయం కాదు అనండి, ఒప్పుకుంటాను. పదింతలు చేసుకోండి. నూటికి ముగ్గురవుతారు.

పిన్ని పదహారో రోజున పోయింది.

అంటే ఏమిటి? ఆ స్కోర్లూ పట్టికలూ అబద్ధాలనా? కాదు. ఆ పట్టిక వెనకాల రాయని షరతు ఒకటుంది. చేయాల్సినవన్నీ వేళకి చేస్తే ఇదీ ఫలితం అని. మనం షరతు వదిలేసి పట్టిక మాత్రం దిగుమతి చేసుకున్నాం.

వేళకి చేయాల్సినవాటిలో మొదటిది నీళ్ళు, ఈసారి లోపలికి. ఒళ్ళు కాలితే రక్తనాళాలు జల్లెడ అయిపోతాయి, ఒంట్లో ద్రవమంతా కండల్లోకి కారిపోతుంది. మనిషి ఉబ్బిపోతాడు గానీ రక్తంలో నీళ్ళుండవు. 1942లో బోస్టనులో కోకోనట్ గ్రోవ్ అనే నైట్‌క్లబ్బు తగలబడి 492 మంది పోయారు. ఆ గాయపడ్డవాళ్ళకి వైద్యం చేస్తూనే డాక్టర్లు ఈ ద్రవం లెక్క మీద గట్టిగా కూర్చున్నారు. 1968లో పార్క్‌ల్యాండ్ ఫార్ములా వచ్చింది. బరువు కేజీల్లో, ఇంటూ కాలిన శాతం, ఇంటూ 4. అన్ని మిల్లీలీటర్ల రింగర్ లాక్టేట్ మొదటి 24 గంటల్లో ఎక్కాలి, అందులో సగం మొదటి 8 గంటల్లో. పిన్ని 55 కేజీలు. 55 ఇంటూ 38 ఇంటూ 4, 8360. అంటే ఎనిమిది లీటర్ల పైచిలుకు. అందులో నాలుగు లీటర్లకి పైగా మొదటి ఎనిమిది గంటల్లో వెళ్ళాలి.

ఆ ఎనిమిది గంటలు ఎప్పట్నుంచి లెక్క? ఆసుపత్రికి వచ్చినప్పట్నుంచి కాదు, కాలినప్పట్నుంచి. మన భాషలో చెప్పాలంటే టికెట్టు ఎప్పుడు అసైన్ అయిందో కాదు, సర్వరు ఎప్పుడు పడిపోయిందో అప్పట్నుంచి గడియారం నడుస్తుంది. పిన్ని గడియారం ఆరున్నరకి మొదలై రాత్రి రెండున్నరకి అయిపోయింది. అప్పటికి ఆవిడ ఇంకా దారిలోనే ఉంది. అప్పటిదాకా ఎక్కింది రెండు సీసాలు అక్కడ, ఒక సీసా అంబులెన్సులో. లీటరున్నర. నాలుగు లీటర్లకి గాను లీటరున్నర. అందులో గంటన్నర నా కూడిక తినేసింది.

ఫార్ములా వేసేసి పక్కకి వెళ్ళిపోవడం కూడా కుదరదు. గంటగంటకీ మూత్రం ఎంత వస్తోందో కొలిచి దాన్నిబట్టి పెంచడం, తగ్గించడం చేయాలి. పెద్దవాళ్ళకి కేజీకి అర మిల్లీలీటరు చొప్పున వస్తే సరిపోయినట్టు. ఎక్కువ పోస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరి అదొక ప్రమాదం. ఇది చేయడానికి సూపర్ స్పెషాలిటీ అక్కర్లేదు, కాథెటరూ గడియారమూ ఓపికున్న ఒక నర్సూ చాలు. మా టౌను ఆసుపత్రిలో ఆ రాత్రి నర్సమ్మ ఇద్దరి పని ఒక్కతే చేస్తోంది. పిన్ని మూత్రపిండాలు రెండో రోజుకే మొరాయించాయి.

ఇక్కడో చేదు సంగతి. ఆ రాత్రి మాకు ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం కాలేదు. మరణ వాంగ్మూలం. రెండో సెలైను గొట్టం పెట్టడానికి మనిషి దొరకలేదు గానీ వాంగ్మూలం రాసుకోవడానికి మనుషులు వచ్చేశారు. అది తప్పని నేననను. ఈ దేశంలో 'స్టవ్వు పేలింది' అన్న మాట చాటున ఎన్ని జరిగాయో అందరికీ తెలుసు. 2009లో లాన్సెట్‌లో వచ్చిన అంచనా ప్రకారం 2001 ఒక్క ఏడాదిలో మంటల వల్ల మన దేశంలో పోయినవాళ్ళు 1,63,000 మంది, అందులో 1,06,000 మంది ఆడవాళ్ళు, ఎక్కువమంది 15 నుంచి 34 ఏళ్ళ మధ్యవాళ్ళు. వాంగ్మూలం తీసుకోవాల్సిందే. కానీ ఒళ్ళు కాలిన ఆడమనిషి ఆసుపత్రికి రాగానే వ్యవస్థ మొత్తం ఆవిడని రోగిగా కాకుండా కాబోయే శవంగా, సాక్ష్యంగా చూడటం మొదలుపెడుతుంది చూడండి, నా గొడవంతా దానితో.

రెండోది చర్మం. కాలి చచ్చిపోయిన చర్మం అలాగే ఉంటే సూక్ష్మక్రిములకి పెళ్ళిభోజనమే. పూర్వం అది దానంతటదే ఊడేదాకా ఆగేవారు. అప్పటి యుగోస్లావియాలో జోరా యాంజెకోవిచ్ అనే డాక్టరమ్మ మొదటి రోజుల్లోనే దాన్ని పొరలు పొరలుగా చెక్కేసి కొత్త చర్మం వెయ్యాలని చూపించింది, 1970లో ప్రచురించింది. 1949లో బర్మింగ్‌హాములో 15 నుంచి 44 ఏళ్ళవాళ్ళు 46 శాతం కాలితే సగం మంది పోయేవారు. 65 దాటినవాళ్ళకి 10 శాతం కాలినా అంతే. ఇవాళ మంచి సెంటర్లలో 90 శాతం కాలిన పిల్లలు కూడా బతుకుతున్నారు. మధ్యలో మారింది శరీరం కాదు, శాతమూ కాదు. ఈ పద్ధతులు మారాయి.

చెక్కేశాక కప్పడానికి చర్మం కావాలి. ఎక్కువ కాలినవాళ్ళకి సొంత చర్మం చాలదు. చనిపోయినవాళ్ళ నుంచి తీసి దాచిన చర్మం వేస్తే రెండు మూడు వారాలు కవచంలా పనిచేస్తుంది, ఈలోపు లోపల కోలుకుంటుంది. హైదరాబాదులో ఉస్మానియా ఆసుపత్రిలో స్కిన్ బ్యాంకు 2021లో వచ్చింది. పిన్నికి కావలసింది 2019లో. ఇప్పుడు ఉన్నా ఇచ్చేవాళ్ళు కావాలి కదా. చనిపోయిన ఆరు గంటల్లోపు తీసుకోవచ్చు, బ్లడ్ గ్రూపు కలవక్కర్లేదు. తొడల నుంచీ కాళ్ళ నుంచీ వీపు నుంచీ పల్చటి పొర మాత్రమే తీస్తారు, మనిషి వికారంగా ఏమీ కనపడడు. గ్లిసరాలులో పెడితే ఐదేళ్ళ వరకూ ఉంటుంది. మన ఐటీ పార్కుల్లో రక్తదాన శిబిరాలు పెట్టి టీషర్టులు పంచుకుంటాం, కళ్ళు ఇస్తామని సంతకాలు పెడతాం. చర్మం అనేసరికి "ఛీ, ఒలిచేస్తారా" అంటారు. మా టీములో పన్నెండు మందిని అడిగితే ఒక్కడు సరేనన్నాడు, వాడు కూడా వాళ్ళావిడని అడిగి చెప్తానన్నాడు.

మూడోది ఇన్‌ఫెక్షను. నిజానికి చివరికి పిన్నిని తీసుకెళ్ళింది అదే. పెద్ద ఆసుపత్రుల్లో తిష్టవేసిన క్రిములు ఇప్పుడు చాలా మందులకి లొంగట్లేదు, అది వాళ్ళ పాపం. మన పాపం మనకుంది. పలకరింపులు! ఊరు ఊరంతా బస్సులు కట్టుకుని వచ్చారు. చెప్పులతో లోపలికి వెళ్ళి మంచం పట్టుకుని ఏడ్చి, తల నిమిరి, బయటికొచ్చి ఎంత శాతమట అని అడిగి వెళ్ళారు. ఆపితే "రాకపోతే ఏమనుకుంటారో" అంటారు. ఇంకో దారుణం పథ్యం. పప్పు పెడితే చీము పడుతుంది, గుడ్డు వేడి, పెరుగు జలుబు అని మా మేనత్త వారం రోజులు బ్రెడ్డూ కొబ్బరినీళ్ళతో సరిపెట్టింది. బాగా కాలిన ఒళ్ళు మామూలు కంటే ఎంతో వేగంగా తనని తనే తినేస్తుంది. దానికి రెట్టింపు దాకా తిండి, అందులోనూ మాంసకృత్తులు కావాలి. డైటీషియను రాసిచ్చిన గుడ్ల కాగితం మేనత్త పర్సులో మడతపెట్టి ఉంది, తర్వాత చూశాం.

పొగ సంగతి వేరే చెప్పాలి, ఎందుకంటే అది నేరుగా మన గొడవ. శుక్రవారం రాత్రి హైదరాబాదు బెంగుళూరు మధ్య ఏసీ బస్సు ఎక్కని సాఫ్టువేరువాళ్ళు మనలో ఎంతమంది? 2013లో పాలెం దగ్గర 45 మంది పోయారు. 2025 అక్టోబరులో కర్నూలు దగ్గర చిన్నటేకూరులో మళ్ళీ. మూసిన పెట్టెలో నురుగు సీట్లు కాలితే కార్బన్ మోనాక్సైడూ సైనైడూ వస్తాయి, మంట తాకకముందే మనిషి పడిపోతాడు. బయటపడ్డవాడికి ముక్కులో వెంట్రుకలు మాడి ఉన్నా, గొంతు బొంగురుపోయినా, ఉమ్మిలో మసి పడినా అది ఎమర్జెన్సీ. గొంతు వాచి మూసుకుపోకముందే గొట్టం వెయ్యాలి. ఒంటి మీద చూస్తే ఐదు శాతం కూడా ఉండకపోవచ్చు. "ఐదే కదా" అని అలాంటివాణ్ణి బెంచీ మీద కూర్చోబెడతాం. శాతం చెప్పే అబద్ధాల్లో ఇది ఇంకో రకం.

"మీకేం, డబ్బులున్నాయి కాబట్టి కబుర్లు చెప్తున్నారు" అనేవాళ్ళకి ఒక్క మాట. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడే అందులో కాలిన గాయాలున్నాయి. 108 అంతకు ముందు 2005 నుంచీ ఉంది. డబ్బు సమస్యే, కాదనను, కానీ మా విషయంలో డబ్బు ఉండి కూడా పంచాయితీ పెట్టాం. కుళాయి తిప్పడానికి డబ్బు అక్కర్లేదు. గాజులు తియ్యడానికి అక్కర్లేదు. "ఎన్నింటికి కాలింది, ఇప్పటిదాకా ఎన్ని లీటర్లు వెళ్ళింది, మూత్రం వస్తోందా, పొగ పీల్చిందా" అని అడగడానికి అసలే అక్కర్లేదు. ఆ రాత్రి వరండాలో పాతికమందిమి ఉన్నాం. ఈ నాలుగింట్లో ఒక్కటి కూడా ఎవరమూ అడగలేదు.

ఏటా పిన్ని తద్దినానికి వెళ్తాను. భోజనాలయ్యాక బాబాయి అరుగు మీద కూర్చుని వచ్చినవాళ్ళకి అదే చెప్తాడు. "అరవై అయిదు శాతమండీ. ఇంక ఎవరు మాత్రం ఏం చేస్తారు? మావాడు అప్పుడే కంప్యూటరు లెక్క వేసి చెప్పాడు." హైదరాబాదు కేసు షీటు చూసింది నేనూ తమ్ముడూ. 38 అన్న అంకె బాబాయికి మేమిద్దరం ఇప్పటిదాకా చెప్పలేదు.